యథాతథంగా ఉంచవలసిన పాదాలు

…అయినా గెలిచినవాళ్ళు కూర్చునే తీరు ఇదేనా, అనుకుంటోంది ఆవిడ. గెలిచి పదకొండు నెలలైంది. ఆ రోజు నుంచి వారానికో రెండు వారాలకో ఒకసారి ఈ కోర్టు వసారాలో, ఒక కాలు పొట్టిగా ఉండి ఎటు కదిలినా టక్కుమనే ఈ బల్ల మీదే కూర్చుంటోంది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు అంటారు. ఆ సామెత కట్టినవాడికి కూడా పూర్తిగా తెలియదు. గెలిచినవాణ్ణి ఇంటికి వెళ్ళనివ్వరు.

ఓడిన మనిషి ఎదురుగా గోడకి చేరగిలబడి పేపరు చదువుకుంటున్నాడు. ఆయన ఆవిడకి బావ, అక్క మొగుడు. ముఖంలో ఓటమి జాడ వెతికితే దొరకదు. ఆవిడ ముఖాలు ఎక్కువసేపు చూడదు కూడా. చూపు దానంతటదే కిందికి జారిపోతుంది. బావ ఎడమ మడమ బయటివైపు అరిగింది. ముప్ఫై ఏళ్ళుగా అలాగే అరుగుతోంది. ఆ పక్కన నిలబడ్డ పోలీసాయనకి బూటు ఒక సైజు చిన్నది, నొప్పి మీద కోపం, కోపం మీద నొప్పి. తలుపు దగ్గర ఎవరో ముసలాయన, బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కేసింది. ఒక్క పూట తన దగ్గరికి వస్తే చాలు…

వస్తే ఏం చేస్తుంది? చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

ఆవిడ పని కాళ్ళకి అచ్చులు చెక్కడం. కొట్లో అమ్మే జోళ్ళు పట్టని కాళ్ళు ఉంటాయి. పుట్టుకతోనే లోపలికి తిరిగినవి, జబ్బు చేసి ఎండిపోయినవి, ఏ యంత్రం కిందో పడి వేళ్ళు పోగొట్టుకున్నవి. అలాంటి పాదానికి కొయ్యతో అచ్చు చెక్కి, దాని మీద తోలు బిగించి బూటు కుట్టాలి. ఒక్కో మనిషికి ఒక్కో జత అచ్చులు. చెక్కడంతో పని తీరదు. కొలత సగమే చెబుతుంది. మిగతాది ఆ మనిషి పదిరోజులు నడిచొచ్చి, "ఇదిగో ఇక్కడ కొరుకుతోందమ్మా" అని చూపించినప్పుడు తెలుస్తుంది. అప్పుడు అచ్చు మీద అక్కడ చిన్న తోలుముక్క అతికించాలి, లేదా ఆకురాయితో కాస్త అరగదియ్యాలి. మళ్ళీ నడిచి రావాలి. మళ్ళీ చెప్పాలి. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ చెక్కిన నాలుగు వందల ఇరవై నాలుగు అచ్చుల మీద ఎంతమంది నొప్పులు అతుకులై కూర్చున్నాయో ఆవిడకే తెలియదు. కాళ్ళ వాళ్ళంతా ఆవిణ్ణి కొలతలమ్మ అంటారు.

దుకాణం ముందు గదిలో బావ కూర్చునేవాడు, వచ్చినవాళ్ళని పలకరించేవాడు, నవ్వించేవాడు. వెనక గదిలో ఆవిడా, ఉలీ, కొయ్యపొట్టూ. మూడేళ్ళ కిందట బావకి ఒక ఆలోచన వచ్చింది. యంత్రం మీద పోసిన ప్లాస్టిక్ అచ్చులు, మొత్తం ఆరు రకాలు. "ఈ ఆరూ దాదాపు అందరికీ పడతాయి, తెలుసా?" అన్నాడు, కొత్త బొమ్మ తెచ్చినవాడిలా. "దాదాపు అంటే?" అంది ఆవిడ. ఆ 'దాదాపు' దగ్గరే ఇద్దరూ విడిపోయారు.

భాగస్వామ్యం కాగితం మీద ఎప్పుడో రాసుకున్నారు, తగవొస్తే కోర్టుకి పోకుండా మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలని. రిటైరైన జడ్జిగారు ఒకాయన మధ్యవర్తిగా కుదిరాడు. ఆయన భోజనాల బల్ల దగ్గర పద్నాలుగు సార్లు కూర్చున్నారు. చివరికి నలభై ఒక్క పేజీల తీర్పు ఇచ్చాడు. దుకాణం, దాని పేరు, కొత్త యంత్రం బావకి. అచ్చులు, చేతిపనిముట్లు ఆవిడకి. ముప్ఫై రోజుల్లో అప్పగించాలి. దాన్ని అవార్డు అంటారని తెలిసి మేడ మీది వాటాలో ఉండే ఆమె, "అవార్డు వచ్చిందటగా, సన్మానం ఎప్పుడు?" అని మెట్ల మీద ఆపి మరీ అడిగింది. ఇరవై తొమ్మిదో రోజున జరిగింది ఆ సన్మానం. తీర్పు రద్దు చెయ్యాలని బావ కోర్టులో పిటిషను పడేశాడు. అచ్చులున్న వెనక గదికి తాళం వేశాడు. వాటితో ఆయనకి పనేం లేదు, చేతకాదు కూడా. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

ఆ పిటిషనులో ఉన్న కారణమే ఆవిడ గొంతులో ముల్లు. 'సదరు అచ్చుల మీద పేరు గానీ నంబరు గానీ లేవు. ఏది ఎవరిదో చెప్పలేని వస్తువులను అప్పగించమనడం అమలుకు వీలుకాని తీర్పు.' అది అబద్ధమైతే ఇంత బాధ ఉండేది కాదు. మధ్యవర్తి ఒకరోజు బిస్కట్ల పళ్ళెం ఇటు జరుపుతూ అడిగాడు: "ఓ నంబరు వేసి పెట్టుకోవచ్చు కదమ్మా?" "ఎందుకండీ, చేత్తో పట్టుకుంటే తెలిసిపోతుంది" అంది ఆవిడ. అంటున్నప్పుడు తన గొంతులో ఏదో తీపి తగిలింది. ఇప్పుడా తీపి గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. తను తప్ప ఎవరూ వాటికి జత కలపలేరు. ఇన్నేళ్ళుగా ఆవిడ దాచుకున్న ఆస్తి, నిజం చెప్పాలంటే, అదొక్కటే.

"మేడమ్, మనదే. పిలుస్తున్నారు." లాయరు వచ్చాడు. కుర్రాడే గానీ పెన్నుమూత నమిలి నమిలి పళ్ళు ముసలివైపోయాయి. ఆవిడ మనసులో అతనికి పెట్టుకున్న పేరు స్టే-లేదుగా.

"ఇవాళ కూడా వాయిదా వేస్తారా లాయరు గారూ?"

"ఎందుకు వేస్తారు? రద్దు పిటిషను వేసినంత మాత్రాన తీర్పు ఆగదు మేడమ్. స్టే వస్తేనే ఆగుతుంది. స్టే లేదుగా!"

"ఆ మాట పదకొండు నెలల్నించీ చెబుతున్నారు."

"పదకొండు నెలల్నించీ లేదుగా మరి!"

గుమ్మం దగ్గర బావ పక్కకి జరిగి దారి ఇచ్చాడు. "పద మరదలా, పద. ముందు గెలిచినవాళ్ళు."

"నీకు సిగ్గు లేదా బావా?"

"ఉండేది. లాయరు ఫీజు కింద ఇచ్చేశా."

ఆవిడకి నవ్వు వచ్చింది. అదే ఆవిడ భరించలేని సంగతి. ఈ మనిషి మీద కోపం నిండుకుండలా మోసుకొస్తుంది, ఏదో ఒక ముక్క అని అందులో ఓ చెంబెడు ఒలకబోస్తాడు. ఇంటికెళ్ళాక మళ్ళీ నింపుకోవాలి.

"స్టే ఉందా?" జడ్జిగారు కాగితాల్లోంచి తల ఎత్తకుండా అడిగారు.

"దరఖాస్తు పెట్టామండి" అన్నాడు బావ తరఫు లాయరు.

"పెట్టారా అని అడగలేదు. ఉందా?"

"లేదండి. కానీ తీర్పే రద్దయ్యే అవకాశం ఉండగా…"

"రేపు వాన పడే అవకాశం ఉందని ఇవాళ గొడుగేసుకుని తిరుగుతామా?"

స్టే-లేదుగా మొహం వెలిగిపోయింది. ఆవిడ వేళ్ళు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి. అప్పుడు బావ లాయరు మెల్లగా అన్నాడు: "ఒక్క మాటండి. ఇప్పుడు ఇచ్చేశాం అనుకోండి. ఆవిడ వాటిని చెక్కేసి, అరగదీసేసి, రేపు తీర్పు రద్దయితే మా క్లయింటుకి తిరిగొచ్చేదేమిటి? కొయ్యపొట్టా?"

జడ్జిగారు తల ఎత్తారు. కాసేపు ఇద్దరినీ చూశారు. తర్వాత చెప్పడం మొదలుపెడితే గుమాస్తా టకటకా కొట్టుకుంటూ పోయాడు. అచ్చులు ఆవిడకి అప్పగించాలి. బంధువులు కనక, గొడవలు పడకుండా ఇద్దరూ బయటే ఉండాలి. కోర్టు అమీనా లోపలికెళ్ళి వాటిని జతలుగా లెక్కపెట్టి, జతకి జత కట్టి, సీలు వేసి, పట్టీ రాసి ఇవ్వాలి. రద్దు పిటిషను తేలేదాకా ఆవిడ వాటిని యథాతథంగా ఉంచుతానని హామీ పత్రం రాసివ్వాలి.

"అయ్యా," ఆవిడ లేచి నిలబడింది, "అలా ఉంచితే అవి దేనికీ…"

లాయరు చెయ్యి పట్టి లాగాడు. "గెలిచాం మేడమ్. కూర్చోండి."

బయటికొచ్చాక ఆవిడ ఆ మాటనే నములుతూ నడిచింది. యథాతథంగా. పాదం ఒక్క ఏడాది అలాగే ఉండదు. బరువు పెరుగుతుంది, వాస్తుంది, వేలు వంగుతుంది, మనిషి ఒక నొప్పి తప్పించుకోబోయి ఇంకో నొప్పి మీద అడుగేస్తాడు. కాలు మారినట్టల్లా అచ్చు మారాలి. మారని అచ్చు ఉత్త కొయ్య. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇక్కడ ఇద్దరూ కలిసే ఇచ్చారు, వాడుకోకూడదని చెప్పి మరీ ఇచ్చారు.

"పోనీ, అవి వచ్చేలోపు కొత్తవి చెక్కుకుంటాను" అంది మెట్లు దిగుతూ.

"అయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి! కొత్తవి చెక్కారంటే పాతవి అక్కర్లేదనే కదా? స్టే ఇచ్చినా ఆవిడకి నష్టం లేదంటాడు వాళ్ళ లాయరు. వెంటనే ఇచ్చేస్తారు. మీరు ఎంత నష్టపోతూ ఉంటే మనకి అంత మంచిది."

పదకొండు నెలలుగా ఆవిడ ఉలి పట్టకపోవడానికి కారణం ఆ సలహాయే. అది సలహా మాత్రమేనా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. తనకి కావాల్సింది అచ్చులా, లేక బావ తన చేత్తో ఆ తాళం తీసి, తప్పు నాదే అనడమా? నలభై ఒక్క పేజీలు మూడుసార్లు చదివింది. ఆవిడ చెప్పింది నిజమని మధ్యవర్తి ఎక్కడా రాయలేదు. వాటాలు రాశాడంతే.

అప్పగింత రోజు ఉదయం పదింటికి దుకాణం ముందు అమీనా, ఇద్దరు కూలీలు, గోనెసంచులు. అమీనా చూడముచ్చటైన మనిషి. బూట్లు అద్దంలా ఉన్నాయి, లేసులు రెండువైపులా సమానంగా వేలాడుతున్నాయి. బావ తాళంచెవి ఆయన చేతిలో పెట్టాడు, ఆవిడ చూస్తుండగా, చాలా మర్యాదగా. తప్పు నాదే అనలేదు.

ఇద్దరూ పేవ్‌మెంటు మీద మిగిలారు. కాసేపటికి బావ పక్క కొట్లోంచి రెండు కుర్చీలు తెచ్చి వేశాడు. నిలబడితే తనే చిన్నబోయినట్టుంటుందని ఆవిడ కూర్చుంది. మూడేళ్ళలో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు.

"మీ అక్కకి మోకాలు నొప్పిగా ఉంటోంది. ఓసారి వచ్చి నడక చూడకూడదూ?"

"అది నాతో మాట్లాడదుగా."

"నాతో మాత్రం మాట్లాడుతోందా! నా చెల్లెల్ని కోర్టుకి ఈడ్చావంటుంది. ఆవిడే నన్ను ఈడుస్తోందే అంటే వినదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళట."

"ఆ కుందేలు నా దగ్గరికొచ్చుంటే నాలుగోది చూసేదాన్ని."

"అదీ నిజమే." బావ రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "నా ఆరు అచ్చులూ వచ్చాయి. ఆర్నెల్లు అయింది."

"ఎవరికైనా పడ్డాయా?"

"దాదాపు."

లోపల్నించి కొయ్య మీద కొయ్య తగిలే చప్పుళ్ళు వస్తున్నాయి. అమీనా గొంతు మధ్యమధ్య వినిపిస్తోంది: "కాదు కాదు, అది దీనికి… ఆఁ, అదీ!" ఏం చేస్తున్నాడో ఆవిడకి తోచలేదు. తోచి ఉంటే కోర్టు ధిక్కారమైనా సరే తలుపు తోసుకుని వెళ్ళేది. మధ్యాహ్నం రెండు దాటాక సంచులు బయటికి రావడం మొదలైంది. మొదటిది బావ పక్కనుంచే వెళ్ళింది. మూతి సగం తెరిచి ఉంది. ఆయన వంగి చూశాడు. నిటారుగా లేచాడు.

అప్పటికే అమీనా ఆవిడ ముందు పట్టీ పరిచి పెన్ను అందించాడు. నూట తొంభై ఆరు జతలు, ముప్ఫై రెండు విడివి, అన్నీ సరిగా ముట్టినవి.

"ఆగు," అన్నాడు బావ. "సంతకం పెట్టకు."

ఆవిడ తల తిప్పింది. ఆ ముఖంలో నవ్వు లేదు. పదకొండు నెలల్లో ఒక్కసారీ కంగారుపడని మనిషి ఇప్పుడు కంగారుగా ఉన్నాడు. అంటే సంతకం పెడితే ఆయనకి నష్టం. ఆఖరి గడియలో కూడా ఆపాలని చూస్తున్నాడు. ఈ లెక్క ఆవిడ బుర్రలో రెప్పపాటులో తేలిపోయింది.

"చూసి పెట్టు. సంచి విప్పి చూసి పెట్టు."

"నువ్వు చెప్పాక ఇంకా చూడ్డం దేనికి బావా?" అంది, సంతకం పెట్టింది. కింద గీత కూడా గీసింది.

అమీనా సంతోషంగా పట్టీ మడిచాడు. "మీరు నాకు కాఫీ ఇప్పించాలమ్మా. కుప్పగా పోసేశారు ఎవరో, ఏదీ దేనికీ కలవదు. నాలుగ్గంటలు కూర్చుని ఒక్కోటీ జతపెట్టించాను. బాగున్నదానికి బాగున్నది, వంకరదానికి వంకరది. ముప్ఫై రెండు మాత్రం దేనికీ కుదర్లేదు, విడిగా కట్టాం."

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. చేతికి తగిలిన మొదటి జతే చెప్పింది. ఎడమది దర్జీది, తిన్నగా, ఏ లోపమూ లేనిది. కుడిది బడిలో లెక్కలు చెప్పే ఆయనది. అదీ తిన్నగా ఉంది. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమందికి ఒక కాలు బాగుంటుంది, ఒకటి బాగుండదు. వాళ్ళ జత ఎప్పుడూ కలవదు. కలవకపోవడమే ఆ జత. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరినీ కోర్టువారు బయట కూర్చోబెట్టారు.

ఆవిడ తలెత్తేసరికి బావ ఆవిణ్ణే చూస్తున్నాడు. ఆయన పెదవులు వణికాయి. నవ్వాడు, ఆపుకోలేక, పొట్ట పట్టుకుని. ఆవిడకీ ఎక్కడో లోపల అదే నవ్వు తన్నుకొచ్చింది గానీ కళ్ళలోంచి వచ్చింది. అది చూసి ఆయన నవ్వడం మానేశాడు.

"ఎందుకు చెప్పావు?" అంది ఆవిడ. "నీ కేసుకి మంచిదేగా, ఎందుకు చెప్పావు?"

"ఏమో," అన్నాడు బావ, కుర్చీలు మడుస్తూ. "నోరు జారింది."

ఫోనులో లాయరు అంతా విని నిట్టూర్చాడు. పెన్నుమూత కటుక్కుమన్న చప్పుడు వినిపించింది. "సీలు ముట్టుకోకండి మేడమ్. సరిగా ముట్టినవని మీరే సంతకం పెట్టారు. ఇప్పుడు విప్పితే హామీ తప్పినట్టు. జతలు మార్చుకోడానికి అనుమతి ఇమ్మని దరఖాస్తు వేస్తాను."

"ఎప్పటికి వస్తుంది?"

"వాళ్ళు అభ్యంతరం చెప్పాలి, దానికి మనం జవాబు చెప్పాలి. కానీ భయం లేదు, వస్తువు మన చేతిలో ఉంది. స్టే లేదుగా."

కాలికేస్తే మెడకి, మెడకేస్తే కాలికి.

రెండు గదుల ఇల్లు. సంచులు ఒక గది నింపి, రెండోదానిలో మంచం కిందికీ, తలుపు వెనక్కీ చేరాయి. బీరువా తెరవాలంటే నాలుగు సంచులు జరపాలి. పదిహేడు రోజులుగా ఆవిడ నాలుగు వందల పాదాల మధ్య నడుస్తోంది. ఒక్కో సంచి తెరిచి, దారం జోలికి పోకుండా, ఒక్కో జత ఒళ్ళో పెట్టుకుని ఇది ఫలానావాళ్ళది, ఇది ఫలానావాళ్ళది అని ఒక నోటుబుక్కులో రాస్తోంది. నంబర్లు వేస్తోంది. ఎవరికోసం వేస్తున్నావని ఎవరైనా అడిగితే కోర్టుకోసం అని చెప్పేది. రాసేటప్పుడు కొన్ని గుర్తురాలేదు. చేత్తో పట్టుకున్నా గుర్తురాలేదు. అది ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. పోస్టమ్మ. ఈ వీధులకి ఉత్తరాలు పంచే మనిషి. ఎడమ పాదం పుట్టుకతో లోపలికి తిరిగి, కుడిదానికన్నా రెండంగుళాలు పొట్టి. ఆవిడ కుట్టిచ్చిన బూట్లతో పదహారేళ్ళుగా రోజుకి పది మైళ్ళు తిరుగుతోంది. ఆఖరి జత కుట్టి రెండేళ్ళు దాటింది.

"సంతకం పెట్టండమ్మా. మళ్ళీ మీ బావగారి ప్రేమలేఖ."

నోటీసే. పైకే చదివింది. స్టే దరఖాస్తు మీద గురువారం వాదనలు. స్టే వస్తే అచ్చులన్నీ మళ్ళీ ఆ గదిలోకి పోతాయి, ఇలాగే సంచుల్లో, తప్పు జతల్లో. ఆవిడ సంతకం పెడుతూ కిందికి చూసింది. ఎడమ బూటు పక్కన కుట్లు విచ్చుకున్నాయి. లోపల్నించి పేపరు ముక్క తొంగి చూస్తోంది.

"కూర్చో. విప్పు."

"వద్దులేమ్మా. మిమ్మల్ని అచ్చులు చెక్కొద్దన్నారటగా కోర్టువాళ్ళు. కాళ్ళరిగేలా తిరగడం నాకు ఉద్యోగం, మీకెందుకు వచ్చిందో!"

"విప్పమన్నానా?"

పోస్టమ్మ మంచం అంచున కూర్చుని బూటు విప్పింది. ఆవిడ సంచుల వైపు వెళ్ళింది. ఏ సంచిలో ఉందో తెలుసు. మొదటిరోజే వెతికి పెట్టుకుంది. పొట్టిగా, ముడుచుకున్న పిడికిలిలా ఉన్న ఎడమ అచ్చు. దానికి కట్టి, ముడి మీద ఎర్రలక్కతో సీలు వేసిన ఇంకో వంకర కుడి అచ్చు.

"ఇదెవరు నా పక్కన?"

"ప్రెస్సులో అచ్చులు కూర్చే ఆయన."

"అడక్కుండానే సంబంధం కుదిర్చేశారన్నమాట. మంచివాడేనా?"

"మంచివాడే. పోయి నాలుగేళ్ళయింది."

"అదీ నా రాత! మరి నా కుడికాలు?"

"ఎవరిదో మంచి ఎడమకాలితో కాపురం చేస్తోంది."

పోస్టమ్మ ఘొల్లున నవ్వింది. నవ్వుతూనే పాదం కాస్త పక్కకి లాక్కుంది. ఆవిడ నేలమీద కూర్చుని ఆ పాదాన్ని చేతిలోకి తీసుకుంది. పదకొండు నెలల తర్వాత చేతిలోకి ఒక కాలు వచ్చింది. వెచ్చగా, బరువుగా. చిటికెనవేలి కింద ఒకప్పుడు గట్టిగా ఉండే చోటు మెత్తబడింది. దానికి బొటనవేలెడు వెనక, పాదం అంచున, కొత్త కాయ. దాని నడుమ పచ్చి పుండు. పాత బూటు చిరిగాక ఈ మనిషి బరువంతా బయటి అంచు మీద వేసి నడుస్తోంది. చీలమండ కూడా ఒరిగింది.

అచ్చుని పాదం పక్కన పెట్టింది. చనిపోయిన మనిషి కాలు కూడా దాంతోపాటే వచ్చి ఆనుకుంది. చిటికెనవేలి కింద, నాలుగేళ్ళ కిందట తను అతికించిన తోలుముక్క చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ నొప్పి లేదిప్పుడు. నొప్పి ఉన్నచోట అచ్చు నున్నగా ఉంది.

యథాతథంగా ఉంది. బావ పదకొండు నెలలు, కోర్టువారు పదిహేడు రోజులు, దాన్ని బహు జాగ్రత్తగా కాపాడారు. తనూ కాపాడింది. ముగ్గురూ కలిసి కాపాడిన కాలు ఈ మంచం మీద కూర్చున్న మనిషికి లేదు. సీలు ఇప్పుడు పుటుక్కున తెంపినా ఇది పడదు.

గురువారం వాదనలు. వాళ్ళ లాయరు మెత్తగా అంటాడు: ఆవిడ కొత్తవి చెక్కుకుంటున్నారు కదండీ. స్టే-లేదుగా నోట మాట ఉండదు. నాలుగు వందల ఇరవై నాలుగూ మెట్లు దిగి వెళ్ళిపోతాయి. బావ కుర్చీలు తెచ్చి వేస్తాడేమో. అన్నీ పోతాయి అని ఒకసారి మనసులో అని చూసుకుంది. గుండె గతుక్కుమంది. రెండోసారి అంది. అప్పుడూ గతుక్కుమంది. మూడోసారి అనడానికి పాదం అడ్డొచ్చింది. చేతిలో ఉండి ఉండి తిమ్మిరెక్కి, పోస్టమ్మ వేళ్ళు కదిలించింది.

"నాకు ఇంకా మూడు వీధులున్నాయమ్మా."

ఆవిడ లేచింది. మంచం కింద సంచుల వెనక్కి చెయ్యి పోనిచ్చి గోధుమరంగు కాగితం చుట్ట బయటికి లాగింది. దుమ్ము దులిపి, ఒక ముక్క చింపి నేలమీద పరిచింది. పెన్సిలు మొన విరిగి ఉంది. కత్తితో చెక్కింది.

"నిలబడు. బరువు రెండుకాళ్ళ మీదా వెయ్యి. ఎలా నడుస్తావో అలాగే, తిన్నగా పెట్టాలని చూడకు."

"గురువారం ఏదో ఉందన్నారు?"

"ఉంటే ఉండనీ. కదలకు."

మడమ వెనక పెన్సిలు ఆనించింది. గీత బయటి అంచు వెంట వచ్చి, కొత్త కాయ దగ్గర ఒకసారి ఆగి, దాని చుట్టూ తిరిగి, వేళ్ళ వైపు సాగింది.

"అమ్మా, గిలి!"

"గిలే. ఓర్చుకో," అంది కొలతలమ్మ, చిటికెనవేలి పక్కన పెన్సిలు నిలువుగా పట్టుకుని.